బస్సులో వచ్చిన తుపాకీ

మ్యూజియం ఆవిడ ఆ తుపాకీని పాత దుప్పట్లో చుట్టి, పైన తాడు కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. పావుగంట ప్రయాణం. సీటు ఇరుకైపోవడంతో నిలువుగా పట్టుకోవాల్సి వచ్చిందని, గొట్టం కొస గడ్డానికి తగిలి గీరుకుందని నవ్వుతూ చెప్పింది. నిజంగానే ఆమె గడ్డం కింద చిన్న ఎర్ర చార ఉంది.

తుపాకుల మేస్త్రి ఆ చారని చూసి, మూట బల్ల మీద పెట్టమన్నాడు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. నలభై ఏళ్లుగా ఆ వీధిలో, దర్జీ కొట్టుకీ తాళాల కొట్టుకీ మధ్య, ఒకటే పొడుగాటి గదిలో పాత తుపాకులు బాగుచేస్తున్నాడు. వేటగాళ్లవీ, షూటింగు క్లబ్బులవీ, తాతల గుర్తుగా గోడకి వేలాడదీసుకునేవాళ్లవీ. ఇనుప పని ఆయనది. కర్ర పని కూతురిది. ఆ పిల్లని వీధంతా బుల్లి అనే పిలుస్తారు. పేరుకి బుల్లేగానీ తండ్రి కంటే జానెడు పొడుగు, ముప్పై ఏళ్ల మనిషి.

ఆవిడ జరిగింది చెప్పుకొచ్చింది. గోడ దుమ్ము దులుపుతుంటే కొక్కెం ఊడిపోయి తుపాకీ రాతి గచ్చు మీద పడింది. పెద్ద యుద్ధంలో సిపాయిలు మోసిన రకం, మ్యూజియంలో ఉన్న ముప్పై రెండింటిలో ఒకటి. డైరెక్టరు ఊళ్లో లేడు, సోమవారం వస్తాడు. ఆలోగా గోడకి ఎక్కితే తన ఉద్యోగానికి ఢోకా ఉండదు. ఇవాళ శుక్రవారం.

"చూద్దాం," అన్నాడు మేస్త్రి. దుప్పటి విప్పకముందే మూటని అలాగే ఎత్తి, బల్ల కొసన ఉన్న ఇసుక పీపా వైపు గొట్టం తిప్పి పడుకోబెట్టాడు. ఏ తుపాకీ వచ్చినా ఆయన చేసే మొదటి పని అదే. ఖాళీదేనని, సర్టిఫికెట్టు కూడా ఉందని ఆవిడ చేతిసంచి తెరవబోయింది. కాగితం సంగతి తర్వాత చూద్దామన్నాడాయన.

దెబ్బ కళ్లకి కట్టినట్టే ఉంది. తుపాకీ కర్ర మెడ దగ్గర, అంటే చెయ్యి చుట్టూ పట్టే సన్నటి భాగంలో, ఏటవాలుగా చీలిపోయింది. బుల్లి వంగి అద్దంతో చూసింది. చీలికలో సగం నల్లగా ఉంది, నూనె తాగిన పాత పగులు. మిగతా సగం తెల్లగా, ఇవాళ విరిగింది. అంటే ఈ కర్ర ఏనాడో బీట వేసింది, ఇవాళ పడడంతో తెగింది. భుజానికి ఆనే మడమ వైపు ముక్క రెండు పీచుల మీద వేలాడుతోంది. జిగురు పోసి, లోపల రెండు ఇత్తడి పుల్లలు దిగేస్తే నిలుస్తుందని, కాకపోతే జిగురు ఆరడానికే వారం పడుతుందని బుల్లి చెప్పింది. ఆవిడ మొహం చిన్నబోయింది.

మేస్త్రి అదేమీ వినిపించుకోవడం లేదు. గొట్టం వెనక మూతలా ఉండే బోల్టు పట్టుకుని చూశాడు, కదల్లేదు. తుప్పు పట్టి, ఆ పైన ఎవరో మెరుగు కోసం నల్ల వార్నిషు పూసి, అంతా ఒకే ముద్దయిపోయింది. బోల్టు తెరిస్తే లోపల ఏముందో కంటితో చూడొచ్చు. తెరుచుకోకపోతే ఇంకో దారి ఉంది. గోడకున్న పొడుగాటి ఇత్తడి చువ్వ తీశాడు. పక్కకి నిలబడి, ఒంటిని దూరంగా పెట్టి, గొట్టం మూతిలోంచి చువ్వని మెల్లగా దించాడు. ఆగినచోట బొటనవేలితో గుర్తు పట్టుకుని, బయటికి లాగి, గొట్టం పక్కన ఆనించి చూశాడు. గొట్టం ఖాళీగా ఉంటే చువ్వ కొస బోల్టు ముఖం దాకా రావాలి. నాలుగు వేళ్ల వెడల్పు ముందే ఆగిపోయింది.

ఇంకోసారి దించాడు. అక్కడే ఆగింది, సరిగ్గా లోపల గుండు ఉంటే ఆగే చోట.

అప్పుడు బోల్టు వెనక కొస మీద పూసిన వార్నిషుని గోటితో గీకాడు. అక్కడో ఇనుప గుబ్బ ఉంటుంది. ఊరికే ఉన్న తుపాకీలో అది ముందుకి ఆనుకుని ఉంటుంది. ఈ తుపాకీలో బొటనవేలు పట్టేంత సందు వదిలి వెనక్కి ఉంది. అంటే లోపలి స్ప్రింగు లాగి పెట్టి ఉంది. మీట నొక్కడమే తరువాయిగా ఎవరో సిపాయి ఏ గుంటలోనో వదిలేసిన తుపాకీ, అన్నేళ్లూ అలాగే గోడ మీద వేలాడింది.

"బుల్లీ," అన్నాడు గొంతు పెంచకుండా. "ఆవిడని దర్జీ కొట్లో కూర్చోబెట్టు. వాళ్లని కూడా ఈ గోడ పక్కన ఉండొద్దని చెప్పు."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి దానంతటదే గడ్డం కిందికి వెళ్లింది. బుల్లి వెంట నడిచింది.

బుల్లి తిరిగొచ్చేసరికి మేస్త్రి ఫోనులో ఉన్నాడు. పోలీసుల తుపాకుల షెడ్డు చూసే అధికారి ఆయనకి పాతికేళ్లుగా తెలుసు. షెడ్డాయన ఊరికి దూరంగా ఉన్నాడట, రావడానికి మూడు గంటలు పడుతుందన్నాడు. ఎవరూ ముట్టుకోవద్దని, వదిలేసి తలుపేసుకోమని చెప్పాడు. మంచి సలహాయే. కానీ విరిగిన కర్ర బరువంతా మీట దగ్గరున్న ఒక సన్నటి ఇనుప పెదవి మీద పడుతోంది. గుబ్బని వెనక్కి పట్టి ఉంచుతున్నది ఆ పెదవే. దాన్ని ఇన్నాళ్లూ కాపాడింది తుప్పు. ఆ తుప్పుని రాతి గచ్చు ఒకసారి కుదిపింది, బస్సు పావుగంట కుదిపింది. ఇంకెంతసేపు పట్టి ఉంటుందో ఎవరు చెప్పగలరు? ఇసుక పీపా మామూలు గుండుని ఆపుతుంది. దాని వెనక గోడ, గోడ అవతల తాళాల కొట్టు. పైగా అంత పాత గుండు, అంత తుప్పు పట్టిన గొట్టం. పేలితే మూతిలోంచే వెళ్తుందని లేదు, గొట్టమే చీలి నలువైపులా ఎగరొచ్చు.

బుల్లి వెళ్లి తాళాలాయన్ని కూడా బయటికి పంపి వచ్చింది. మేస్త్రి ఆమెని కూడా పొమ్మన్నాడు. బల్ల అవతల దీపం ఎవరు పట్టుకుంటారని అడిగి, ఆ పిల్ల అక్కడే నిలబడిపోయింది. వాదించుకునే వేళ కాదని ఇద్దరికీ తెలుసు.

ఆయన మందపాటి ఇత్తడి రేకు తీసి లాడం ఆకారంలో చిన్న ముక్క కోశాడు. దాన్ని గుబ్బకీ బోల్టుకీ మధ్య సందులో దూరిస్తే, పెదవి జారినా గుబ్బ ముందుకి పోలేదు, లోపలి సూది గుండుని తాకలేదు. పని అంతే. ఆకురాయితో అంచులు అరగదీశాడు. అలవాటైన చేతులే, అయినా అరచేతులు చెమట పట్టి ఆకురాయి రెండుసార్లు జారింది. బుల్లి దీపం వంచి పట్టుకుంది. ముక్కని సందు దాకా తీసుకెళ్లాడు. పట్టలేదు. వెంట్రుక వాసి ఎక్కువైంది.

మామూలుగా అయితే సుత్తితో చిన్నగా ఒకటి వేసేవాడు. ఇప్పుడు వేలితో నెట్టడానికి కూడా వీల్లేదు. వెనక్కి వచ్చి మళ్లీ అరగదీశాడు. నాలుగు రుద్దులు, ఒక చూపు. రెండోసారి సగం దూరి ఆగింది. ముక్కని అలాగే వదలడానికీ లేదు, తోయడానికీ లేదు. ఊపిరి బిగబట్టి, వచ్చినంత మెల్లగా వెనక్కి లాగాడు. వీధిలో ఎవరో స్కూటరు కిక్కు కొడుతుంటే ఇద్దరూ అది ఆగేదాకా కదలకుండా నిలబడ్డారు. మూడోసారి మరో మూడు రుద్దులు రుద్ది, ముక్కకి కాస్త నూనె రాసి, రెండు వేళ్లతో అందించాడు. ఈసారి నునుపుగా వెళ్లి కూర్చుంది.

మేస్త్రి చేతులు వెనక్కి తీసుకున్నాడు. బుల్లి దీపం కింద పెట్టింది. ఆయన స్టూలు మీద కూర్చుని నీళ్లు తాగుతుండగా, ఎవరూ ముట్టుకోకుండానే, బల్ల మీంచి టక్ మని చప్పుడొచ్చింది.

చిన్న చప్పుడే. ఇంట్లో గడియ పడ్డట్టు. పెదవి జారిపోయింది. గుబ్బ ముందుకి దూకి ఇత్తడి ముక్కని కరుచుకుని ఆగింది.

తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గ్లాసులో నీళ్లు సగం ఆయన చొక్కా మీదే ఉన్నాయి.

షెడ్డాయన చెప్పినట్టే మూడు గంటల్లో వచ్చాడు. ఇత్తడి ముక్కనీ, దాన్ని కరుచుకున్న గుబ్బనీ చూసి తల అడ్డంగా ఊపాడు. ముట్టుకోవద్దన్నానని ఒక్క ముక్క మాత్రం అన్నాడు, అదీ కోపంగా కాదు. ఇద్దరూ కలిసి వార్నిషు కరిగించి, నూనె పోసి, గంటసేపు నానబెట్టి, బోల్టుని గోరంత గోరంత తిప్పుకుంటూ తెరిచారు. గుండు బయటికొచ్చింది. పచ్చగా కిలుం పట్టి, నిండుగా, బరువుగా. షెడ్డాయన దాన్ని ఇసుక నింపిన డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

అప్పుడాయన కాగితం పెన్నూ తీసి, ఇది ఖాళీదని రాసిచ్చిన పెద్దమనిషి ఎవరని అడిగాడు. దర్జీ కొట్లోంచి తిరిగొచ్చిన మ్యూజియం ఆవిడ సంచిలోంచి సర్టిఫికెట్టు నకలు తీసి, దగ్గరున్న బుల్లి చేతికిచ్చింది. తాను ఉద్యోగంలో చేరి మూడేళ్లేనని, అది అంతకుముందు సంగతని చెప్పింది.

బుల్లి కాగితం చదివింది. మేస్త్రి ఆమె మొహమే చూస్తున్నాడు. ఆమె కళ్లు కాగితం అడుగున ఒకచోట ఆగిపోయాయి.

"సంతకం మసగ్గా ఉందండీ," అంది బుల్లి. "సరిగ్గా చూసి రేపు చెప్తాం."

షెడ్డాయన తొందరలో ఉన్నాడు. సరేనని డబ్బా జాగ్రత్తగా పట్టుకుని వెళ్లిపోయాడు.

మేస్త్రి చెయ్యి చాచాడు. బుల్లి కాగితం ఇవ్వలేదు. ఆయన చాచిన చెయ్యి దించలేదు. చివరికి ఇచ్చింది. సంతకం ఏమీ మసగ్గా లేదు. ఆయన పేరు, ఆయన వంకర రాత, ఇరవై ఒక్కేళ్ల కిందటి తేదీ. ముప్పై రెండు తుపాకులు స్వయంగా పరీక్షించితిని, అన్నియు ఖాళీవి, హానిలేనివి.

కూర్చోకుండానే ఆయన కూతురికి చెప్పాడు. ఆ రోజు పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఇరవై ఎనిమిది చూశాడు. చివరి నాలుగూ పై వరసలో ఉన్నాయి, నిచ్చెన తెప్పించుకోవాలి. అప్పుడే ఆఫీసుకి ఫోనొచ్చింది, బళ్లో తొమ్మిదేళ్ల బుల్లి మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుందని. దాని తల్లి ఊళ్లో లేదు. గుమస్తా కాగితం ముందు పెట్టాడు. మర్నాడు వచ్చి ఆ నాలుగూ చూద్దామనుకుని సంతకం పెట్టి పరిగెత్తాడు. మర్నాడు వెళ్లలేదు. వారానికి గుర్తొచ్చింది. అప్పుడూ వెళ్లలేదు. ఆ తర్వాత గుర్తు రావడం కూడా మానేసింది.

"నీ చెయ్యి విరిగిందనగానే నాకింకేమీ..."

"నా చెయ్యి పేరు చెప్పకు నాన్నా," అంది బుల్లి. "చెయ్యి విరిగింది నాకు. సంతకం పెట్టింది నువ్వు."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. కాసేపాగి, మరి షెడ్డాయనతో అబద్ధమెందుకు ఆడావని అడిగాడు. నోటికొచ్చేసిందని, ఇంకోసారి రాదని ఆ పిల్ల చెప్పింది. చెప్పేటప్పుడు తండ్రి వైపు చూడలేదు.

మ్యూజియం ఆవిడ అదంతా వింటూ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమె ఏడుస్తుందనో తిడుతుందనో మేస్త్రి అనుకున్నాడు. ఆమె మాత్రం దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, ఇందులో ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అంది. గుండు పోలీసుల దగ్గరుంది. తుపాకీ కింద పడేసింది తాను. ఈ కాగితం బయటపడితే తుపాకీ పడిన సంగతీ బయటపడుతుంది, బస్సులో తెచ్చిన సంగతీ బయటపడుతుంది. అసలు కాగితం బీరువాలో ఉంది, తాళం తన దగ్గరే ఉంది.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలీదు మేస్త్రిగారూ. నేనూ విననట్టే ఉంటాను."

మేస్త్రికి ఆ మాట చల్లగా తాకింది. ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, ఆయన మనసు దాని మీద వాలింది. నలభై ఏళ్ల పేరు. ఆయన చూసి పంపాడంటే ఇంకెవరూ మళ్లీ తెరిచి చూసేవారు కాదు. ఇల్లూ గౌరవమూ నిలబడింది ఆ నమ్మకం మీదే. సరే అనేస్తే చాలు. అనడానికి నోరు తెరిచాడు కూడా.

"ఇవాళ మీ హాలుకి ఎంతమంది వచ్చారమ్మా?" అని అడిగాడు.

శుక్రవారం బడిపిల్లలు ఊరికే చూడొచ్చు కాబట్టి రెండొందలు దాటి ఉంటారంది ఆవిడ. హాలు అయిదింటిదాకా తెరిచే ఉంటుంది.

"నేను చూడనివి నాలుగు. ఇది ఒకటి. ఇంకో మూడు గోడ మీదే ఉన్నాయి."

ఆవిడ వెంటనే ఫోను తీసి, హాలు ఖాళీ చేయించి తలుపు వెయ్యమని కాపలావాడికి చెప్పింది. ఎందుకని అవతలినుంచి అడిగితే, నేను చెప్తున్నాను కాబట్టి అంది. బుల్లి అప్పటికే చువ్వ చేత్తో పట్టుకుని వీధిలో నిలబడి ఉంది.

వాళ్లు వెళ్లేసరికి మెట్ల మీద పిల్లలు బారులు తీరి నిలబడి, టీచరు మీద గోల చేస్తున్నారు. లోపల హాలు పెద్దది, ఎత్తయిన కిటికీలు, అడుగు వేస్తే మోగుతుంది. నిచ్చెన వేశారు. మేస్త్రి ఎక్కబోతే బుల్లి భుజం పట్టి ఆపి తాను ఎక్కింది. ఒక్కొక్కటే దించి, గొట్టం రాతి గోడ వైపు ఉండేట్టు పొడుగాటి బల్ల మీద పడుకోబెట్టింది. కాపలావాణ్నీ ఆవిడనీ తలుపు అవతల నిలబెట్టారు.

మొదటిదాని బోల్టు తెరుచుకుంది. ఖాళీ. రెండోదాని బోల్టు కదల్లేదు. చువ్వ దించారు. మధ్యలోనే ఆగిపోయింది. వెనక గుబ్బ చూశాడు, ముందుకే ఉంది, అది నయం. కానీ గొట్టంలో ఏముందో? ఆగినచోటు గుండు ఉండాల్సిన చోటు కూడా కాదు, అంతకంటే ముందు. బుల్లి చువ్వని కొద్దిగా తిప్పింది. కొస మెత్తగా తగిలింది. చువ్వ కొసకి మరమేకు బిగించి మళ్లీ దించి, తిప్పి, లాగితే నూనె గుడ్డ పీలిక ఒకటి బయటికొచ్చింది, నల్లగా గట్టిపడిపోయి. ఎవరో తుడుస్తూ లోపల వదిలేసింది. ఆ తర్వాత చువ్వ బోల్టు ముఖం దాకా వెళ్లింది. మూడోది కూడా ఖాళీయే.

మేస్త్రి అక్కడే గచ్చు మీద కూర్చున్నాడు. జేబులోంచి ఫోను తీసి షెడ్డాయనకి కలిపాడు.

"ఆ సంతకం నాదే," అన్నాడు. "చూడకుండా పెట్టాను."

షెడ్డాయన, సరే, అది నీ చేత్తోనే రాసివ్వు అన్నాడు. పాతికేళ్ల స్నేహంలో ఆయన గొంతు అంత పొడిగా ఉండడం అదే మొదలు.

నాలుగు రోజులకి షెడ్డాయనే ఫోను చేశాడు. గుండుని దూరంగా, గోతిలో పెట్టి పరీక్షించారట. పేలింది. ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు.

విచారణ జరిగింది. తుపాకులు పరీక్షించి రాసిచ్చే అధికారం మేస్త్రికి తీసేశారు. మరమ్మతు చేసుకోవచ్చుగానీ ఆయన సంతకం ఇక దేనికీ చెల్లదు. క్లబ్బువాళ్లు ఇద్దరు తమ తుపాకులు వెనక్కి పట్టుకుపోయారు. ఎదురుపడితే పలకరించే వాళ్లలో కొందరు వీధికి అవతలి వైపునుంచి నడవడం మొదలెట్టారు. మ్యూజియం ఆవిడకి మెమో ఇచ్చారు. హాలు వెంటనే మూయించినందుకు ఉద్యోగం మాత్రం నిలిచింది.

విరిగిన కర్రని బుల్లి తీరిగ్గా బాగుచేసింది. పాత పగుల్లోని నూనెని స్పిరిటుతో రోజుకి రెండుసార్లు కడిగి, కర్ర తెల్లబడి నీళ్లు పీల్చుకునే స్థితికి వచ్చాకే జిగురు పోసింది. లోపల రెండు ఇత్తడి పుల్లలు దించి, సైకిలు ట్యూబు ముక్కలతో మెడంతా బిగదీసి చుట్టి వారం వదిలేసింది. అతుకుని దాచలేదు, రంగు కూడా పుయ్యలేదు. అడిగితే, విరిగింది విరిగినట్టు తెలియాలని అంది. ఆ వారమంతా తండ్రీ కూతుళ్లు పనికి కావలసిన మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

పరీక్షించే అధికారం బుల్లికి ఇస్తామని షెడ్డాయన కబురు పంపాడు. ఆ పిల్ల ఒప్పుకుంది. మొదటి పనిగా మ్యూజియం తుపాకులన్నీ చూస్తానంది. ముప్పై రెండూ.

"ఇరవై ఎనిమిది నేను చూశాను," అన్నాడు మేస్త్రి. "అవి నిజంగానే చూశాను బుల్లీ."

"తెలుసు నాన్నా," అంది. "అయినా చూస్తాను."

మ్యూజియం సెలవు రోజు పొద్దున్నే ఇద్దరూ వెళ్లారు. ఆయన్ని లోపలికి రానివ్వకూడదని విచారణ ఉత్తర్వులో రాసి ఉంది కాబట్టి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. లోపలినుంచి బోల్టులు తెరిచే చప్పుడు, నిచ్చెన జరిపే చప్పుడు వినిపిస్తోంది. మొదట్లో లెక్కపెట్టాడు. పదకొండు దగ్గర లెక్క తప్పింది. తన మాట మీద నమ్మకం లేక కూతురు ఒక్కొక్కటే విప్పి చూస్తోందని కోపమొచ్చింది. ఎండ వరండాలోకి వచ్చి, ఆయన కాళ్ల మీదికి వచ్చి, మళ్లీ వెనక్కి పోయింది. ఎక్కడో ఒకచోట లోపల చప్పుడు ఆగిపోయింది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. ఆ ఇరవై ఎనిమిదిలో కూడా ఏదైనా తప్పిపోయిందేమోనని, తాను నిజంగానే చూశాడా అని, మొదటిసారి తన మీద తనకే అనుమానం పుట్టింది. లేచి తలుపు దాకా వెళ్లి, గడప అవతల కాలు పెట్టకుండా నిలబడ్డాడు.

లోపల బోల్టు మూసిన చప్పుడైంది. మళ్లీ నిచ్చెన జరిగింది. ఆయన వెనక్కొచ్చి కూర్చున్నాడు. కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఇంకా నిదానంగా చూడు తల్లీ అని మనసులో అనుకున్నాడు.

సాయంత్రం నాలుగు దాటాక బుల్లి వచ్చింది. మోచేతుల దాకా నూనె మరకలు, జుట్టులో బూజు. తండ్రి పక్కన కూర్చుని కాళ్లు చాపుకుంది.

"అన్నీ ఖాళీయే," అంది. "ఒకదాని స్ప్రింగు విరిగింది. దాన్ని రేపు పట్టుకెళ్దాం. అది నువ్వు చెయ్యాలి, నాకు రాదు."

సరేనన్నాడు మేస్త్రి. ఏ కాలపు స్ప్రింగో అడిగాడు. ఆ పిల్ల గాల్లో వేలితో దాని ఆకారం గీసి చూపించింది. ఆయన అర్థం కాలేదని, ఇంకోసారి గీయమన్నాడు.